ఒక చోట తుడిస్తే అన్ని చోట్లా పోతుందా?

బెల్జియంలో టెలినెట్ కంపెనీ ఫోను వాడే ఒక చందాదారుడు 2019లో ప్రాక్సిమస్ అనే మరో కంపెనీకి చిన్న విన్నపం పంపాడు. వాళ్లు వేసే టెలిఫోన్ డైరెక్టరీలో తన నంబరు వద్దన్నాడు. ప్రాక్సిమస్ సరేనని తీసేసింది. ఆ తర్వాత టెలినెట్ నుంచి చందాదారుల తాజా జాబితా వచ్చింది. ఆ నంబరు బయటపెట్టకూడదన్న గుర్తు అందులో లేదు. కంప్యూటర్ మామూలుగానే జాబితాను ఎక్కించుకుంది. పోయిందనుకున్న నంబరు మళ్లీ ప్రత్యక్షమైంది. ప్రాక్సిమస్ చేతుల మీదుగా ఆ వివరాలు ఇతర డైరెక్టరీలకూ చేరాయి.

ఆయన ఫిర్యాదు చేశాడు. బెల్జియం డేటా రక్షణ సంస్థ ప్రాక్సిమస్‌కు 20,000 యూరోల జరిమానా వేసింది. గొడవ యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2022 అక్టోబర్ 27న వచ్చిన తీర్పు చందాదారుడి పక్షాన నిలిచింది. వద్దన్న సంగతి ఆయన ఒక్క కంపెనీకి చెబితే చాలు. తనకు ఆ డేటా ఇచ్చినవాళ్లకూ, తాను ఎవరెవరికి ఇచ్చిందో వాళ్లకూ ఆ కబురు అందించాల్సింది ఆ కంపెనీయే. సెర్చ్ ఇంజిన్లకు తెలియజేసేందుకు కూడా తగిన ప్రయత్నం చేయాలి. మనిషి ఒక్కో గుమ్మం ఎక్కి దిగుతూ బతిమాలుకోవాల్సిన పని లేదని న్యాయమూర్తులు తేల్చారు.

సరిగ్గా అదే రోజు అట్లాంటిక్‌కు అవతల ఇలాన్ మస్క్ ట్విటర్ కొనుగోలు పూర్తిచేశాడు. ఆ తర్వాతి వారాల్లో లక్షలాది మంది ట్విటర్ వదిలి మాస్టొడాన్ అనే నెట్‌వర్క్‌లోకి వెళ్లారు. అక్టోబర్‌లో సుమారు 3 లక్షలున్న దాని నెలవారీ వాడకందారులు నవంబర్‌కల్లా 25 లక్షలకు చేరారని దాని వ్యవస్థాపకుడు ఓయ్‌గెన్ రోచ్కో ప్రకటించారు. ఒక యజమాని చేతిలో అందరి మాటలూ చిక్కుకోకూడదన్న కోరికే వాళ్లను అక్కడికి నడిపించింది.

యజమాని లేకపోవడం స్వేచ్ఛ, సందేహం లేదు. అయితే రేపు ఒక ఫొటో తీసేయాలనుకుంటే ఎవరిని అడగాలి? డైరెక్టరీ విషయంలో న్యాయస్థానం చెప్పిన సూత్రం వేలాది చిన్న సర్వర్ల మధ్య ఎలా నిలబడుతుంది? వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్కులన్నీ ఈ ప్రశ్న దగ్గరే తడబడుతున్నాయి. డేటా రక్షణ చట్టాల పరిస్థితీ అంతే.

ఒకరి సొత్తు కాని నెట్‌వర్క్

ఫేస్‌బుక్‌లో ఏం రాసినా అది మెటా కంపెనీ యంత్రాల్లో ఉంటుంది. మాస్టొడాన్‌లో అలా కాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎవరైనా తమ సర్వర్‌లో దాన్ని పెట్టుకుని నలుగురికి ఖాతాలు ఇవ్వచ్చు. విశ్వవిద్యాలయాలు, పత్రికలు, స్నేహ బృందాలు, ఒంటరి ఔత్సాహికులు అలా సర్వర్లు నడుపుతున్నారు. ఒక సర్వర్‌లో ఖాతా ఉన్నవాళ్లు వేరే సర్వర్‌లో ఉన్నవాళ్లను ఫాలో కావచ్చు, జవాబివ్వచ్చు. జీమెయిల్ నుంచి యాహూకు ఉత్తరం వెళ్లడం లాంటిదే ఇది. ఈ సర్వర్లు మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి పేరు యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో దాన్ని అధికారిక ప్రమాణంగా ఆమోదించింది. ఫొటోలకు పిక్సెల్‌ఫెడ్, వీడియోలకు పీర్‌ట్యూబ్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తాయి. అన్నీ కలిస్తే ఫెడివర్స్. మెటా సైతం తన థ్రెడ్స్ యాప్‌ను 2024 మార్చిలో అమెరికా, కెనడా, జపాన్‌లలో దీనికి కలపడం మొదలుపెట్టింది.

మన దేశానికీ ఇది కొత్త కాదు. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ నిలిపేసినప్పుడు నిరసనగా వేలమంది భారతీయులు మాస్టొడాన్ తలుపు తట్టారు. చాలామంది కొద్ది వారాల్లో వెనక్కి వచ్చేశారు. వాళ్లు అక్కడ తెరిచి వదిలేసిన ఖాతాలు, రాసిన మాటలు ఏమయ్యాయన్న ఆలోచన అప్పుడు పెద్దగా ఎవరికీ రాలేదు.

ఒక ఫొటో వెంట

జర్మనీలో చదువుకుంటున్న ఒక తెలుగు విద్యార్థిని మాస్టొడాన్‌లో తన కొత్త గది ఫొటో పెట్టిందనుకుందాం. బాల్కనీ వెనక వీధి పేరున్న బోర్డు స్పష్టంగా కనిపిస్తోంది. ఆమెను ఫాలో అవుతున్న 200 మంది 40 వేర్వేరు సర్వర్లలో ఉన్నారు.

ఆమె పోస్ట్ నొక్కగానే ఆమె సర్వర్ ఆ 40 సర్వర్ల ఇన్‌బాక్స్‌లకూ ఒక్కో సందేశం పంపుతుంది. అందులో రాసిన మాటలు, ఫొటో ఉన్న చిరునామా, పోస్టుకు ప్రపంచంలో మరి దేనికీ లేని ఒక గుర్తింపు ఉంటాయి. ఇది నిజంగా ఫలానా సర్వర్ నుంచే వచ్చిందని రుజువు చేసే డిజిటల్ సంతకం కూడా తోడుంటుంది. అవతలి సర్వర్ సంతకం సరిచూసుకుని మాటలను తన డేటాబేస్‌లో రాసుకుంటుంది. సాధారణంగా ఫొటోకు కూడా నకలు దించి తన డిస్కులో పెట్టుకుంటుంది. రెండు నిమిషాల్లో ఆ బాల్కనీ 41 చోట్ల ఉంది. ఎవరైనా దాన్ని తమవాళ్లకు మళ్లీ పంచితే ఇంకొన్ని చోట్లకు పోతుంది.

మర్నాడు బోర్డు కంటపడి ఆమె కంగారుగా డిలీట్ నొక్కింది. ఆమె సర్వర్‌లో ఆ పోస్టు పోయింది. వెంటనే అది మిగతా సర్వర్లకు మరో సందేశం పంపుతుంది. దాని రకం "డిలీట్". ఫలానా గుర్తింపు గల పోస్టు ఇక లేదని చెప్పడానికి ఆ పోస్టు స్థానంలో టూంబ్‌స్టోన్, అంటే సమాధి ఫలకం అనే ఖాళీ వస్తువును చూపిస్తుంది. అందుకున్న సర్వర్ మళ్లీ సంతకం చూసుకుని తన దగ్గరున్న నకలును, ఫొటోను తీసేస్తుంది. మంచి సర్వర్లన్నీ ఈ పని కొన్ని సెకన్లలో చేసేస్తాయి. నూటికి తొంభై సందర్భాల్లో కథ ఇక్కడితో సుఖంగా ముగుస్తుందని అనుకోవాలనిపిస్తుంది.

కానీ ఊరంతా పంచిన కరపత్రాన్ని వెనక్కి ఇచ్చేయమని ఇంటింటికీ కబురు పెట్టడమే ఇది. కబురు అందాలి, అందినవాళ్లు మాట వినాలి. యాక్టివిటీపబ్ ప్రమాణంలోనే అందుకున్న సర్వర్ నకలును తొలగించడం సముచితమని ఉంది తప్ప, తప్పనిసరి అని లేదు.

కబురు దారి తప్పే చోట్లు చాలా ఉన్నాయి. ఆ 40 సర్వర్లలో ఒకటి మరమ్మతులో ఉందనుకోండి. మాస్టొడాన్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. వేర్వేరు 7 రోజుల పాటు ఏ సందేశమూ అందకపోతే, ఆ సర్వర్ తనంతట తాను మళ్లీ పలకరించేదాకా పంపడమే మానేస్తుంది. ఈలోగా వెళ్లాల్సిన డిలీట్‌లు ఆగిపోతాయి. ఇంకో చోట ఎవరో ఆ పోస్టు లింకును సెర్చ్‌లో వేసి తమ సర్వర్‌లోకి తెచ్చుకుని ఉండచ్చు. వాళ్లు ఆమె ఫాలోయర్లు కారు, జవాబు రాయలేదు, పంచలేదు. అలాంటి నకలు ఒకటుందని ఆమె సర్వర్‌కు తెలియదు. తెలియనిచోటికి కబురు పంపలేదు.

ఖాతా మొత్తాన్ని మూసేస్తే మాత్రం మాస్టొడాన్ తనకు తెలిసిన అన్ని సర్వర్లకూ చాటింపు వేస్తుంది. ఆ యూజర్‌నేమ్ ఆ సర్వర్‌లో మళ్లీ ఎవరికీ దొరకదు. ఒక్క పోస్టు తీసేయడం కన్నా దీని చేరువ ఎక్కువ. ఒక్క బాల్కనీ ఫొటో కోసం ఏళ్ల తరబడి పెంచుకున్న స్నేహాలన్నీ వదులుకోవడం మాత్రం అన్యాయమైన బేరం.

సర్వరే పోతే

అన్నిటికన్నా కష్టమైన సందర్భం, సొంత సర్వరే మూతపడటం. 2024 ఫిబ్రవరిలో క్వీర్ డాట్ ఏఎఫ్ అనే మాస్టొడాన్ సర్వర్ చిరునామా రాత్రికి రాత్రి పనిచేయడం మానేసింది. చివరనున్న ఏఎఫ్ అఫ్గానిస్తాన్‌కు కేటాయించిన డొమైన్. తాలిబన్ ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. సర్వర్ యంత్రానికి ఏ జబ్బూ లేదు, పోయింది పేరే. కానీ ఆ పేరుతో లాగిన్ కావాల్సిన వాడకందారుల పాత మాటలు వేరే సర్వర్లలో చెదిరి ఉండగా, వాటిని వెనక్కి పిలిచే మామూలు దారి మూసుకుపోయింది.

డబ్బులు చాలక, ఓపిక చాలక మూసేసే చిన్న సర్వర్లు ఎన్నో ఉంటాయి. తమ అధికారిక జాబితాలో చేరే సర్వర్లు మూసివేతకు కనీసం 3 నెలల ముందు తెలియజేయాలని మాస్టొడాన్ ప్రాజెక్టు ఒక ఒడంబడిక పెట్టింది. మూసే ముందు అన్ని ఖాతాల తొలగింపు సందేశాలనూ పంపించే ఆదేశం కూడా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. బాధ్యత తెలిసిన అడ్మిన్లు, అంటే సర్వర్ నడిపేవాళ్లు, దాన్ని నడిపించాకే దీపం ఆర్పుతారు. అద్దె కట్టలేదని హోస్టింగ్ కంపెనీయే తీగ పీకేస్తే ఆ అవకాశమూ ఉండదు.

అడ్మిన్ మంచివాడైనా ప్రమాదం రావచ్చు. 2023 మేలో అమెరికాలో కొలెక్టివా డాట్ సోషల్ సర్వర్ అడ్మిన్లలో ఒకరి ఇంట్లో ఎఫ్‌బీఐ సోదా చేసింది. ఆ సోదాకు సర్వర్‌తో సంబంధం లేదు. కానీ ఆ సమయంలో ఆయన సర్వర్ డేటాబేస్ బ్యాకప్‌ను మరమ్మతు కోసం ఎన్‌క్రిప్షన్ లేకుండా దగ్గర పెట్టుకున్నారు. స్వాధీనం చేసుకున్న పరికరాలతో పాటు అదీ పోలీసుల చేతికి వెళ్లింది. ఈమెయిల్ చిరునామాలు, ఫాలోయర్లకు మాత్రమే అని రాసుకున్న పోస్టులు, ప్రైవేటు సందేశాలు అందులో ఉన్నాయి. మాస్టొడాన్ ప్రైవేటు సందేశాలకు వాట్సాప్‌లో ఉన్నట్టు ఇరువైపులా తాళం ఉండదు. మరుసటి వారం ఎవరైనా తమ ఖాతా తీసేసుకున్నా ఆ బ్యాకప్‌లోంచి పోదు.

మిగతా దారుల్లో మరింత కష్టం

ఒకప్పుడు ఆహ్వానం ఉంటేనే ఖాతా ఇచ్చిన బ్లూస్కై 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచింది. దాని నిర్మాణం వేరు. అక్కడ ప్రతి మనిషి రాతలూ ఒక సొంత డేటా గిడ్డంగిలో ఉంటాయి. వాటన్నిటినీ కలిపి ఒక పెద్ద ప్రవాహంగా బయటికి వదులుతారు. దాని పేరు ఫైర్‌హోస్. ఆ ప్రవాహానికి గొట్టం తగిలించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తొలగింపులు కూడా అదే ప్రవాహంలో వస్తాయి. వాటిని పట్టించుకోవడం గొట్టం తగిలించుకున్నవాళ్ల ఇష్టం.

2024 నవంబర్‌లో హగ్గింగ్ ఫేస్ అనే ఏఐ కంపెనీ ఉద్యోగి ఒకరు ఆ ప్రవాహంలోంచి 10 లక్షల పోస్టులు తీసి, పరిశోధనకు పనికొస్తాయని బహిరంగంగా పెట్టారు. మా మాటలు మమ్మల్ని అడగకుండా ఎలా తీసుకుంటారని వాడకందారులు భగ్గుమన్నారు. ఆయన క్షమాపణ చెప్పి తీసేశారు. ఆ వెంటనే వేరేవాళ్లు అంతకన్నా పెద్ద సంకలనాలు పెట్టారు. తమ రాతలను ఏఐ శిక్షణకు వాడచ్చో లేదో ఎవరికి వారు ప్రకటించుకునే ఏర్పాటును బ్లూస్కై 2025లో ప్రతిపాదించింది. అదీ మర్యాదగా పాటించాల్సిన గుర్తే, అడ్డుకునే గోడ కాదు.

నోస్టర్ అనే మరో నెట్‌వర్క్‌లో ఖాతాలే లేవు, తాళంచెవులు మాత్రమే ఉన్నాయి. మనిషి తన రహస్య తాళంచెవితో సంతకం చేసిన మాటను నచ్చిన రిలే సర్వర్లకు పంపుతాడు. తీసేయాలంటే అన్ని రిలేలకూ తొలగింపు విన్నపం పంపుకోవాలి. దాన్ని విన్నపం అనే పిలుస్తారు, పని జరుగుతుందన్న హామీ లేదు. ఈ లోటు గమనించిన అభివృద్ధికారులు తర్వాత "పూర్తిగా మాయమవ్వాలి" అనే ఇంకో రకం సందేశాన్ని రూపొందించారు. కొన్ని దేశాల్లో దీన్ని పాటించడం చట్టరీత్యా తప్పనిసరి కాబట్టి, మద్దతిచ్చే రిలేలు డేటాబేస్‌లోంచి నిజంగానే తుడిచేయాలని ఆ పత్రంలో రాశారు. చట్టం వచ్చి సాంకేతిక ప్రమాణం రూపాన్ని మార్చిన అరుదైన సందర్భం అది.

బ్లాక్‌చెయిన్ మీద నడిచే నెట్‌వర్కుల్లో ఆ మాత్రం ఆశా లేదు. 2016లో మొదలైన స్టీమిట్‌లో ప్రతి రాతా స్టీమ్ అనే గొలుసులోకి ఎక్కుతుంది. పైన కనిపించేది మార్చచ్చు, కింద గొలుసులో ఉన్నది మారదు. 2020లో జస్టిన్ సన్ అనే వ్యాపారి ఆ కంపెనీని కొన్నప్పుడు వాడకందారుల్లో పెద్ద వర్గం తిరుగుబాటు చేసి, మార్చి 20న హైవ్ అనే కొత్త గొలుసును చీల్చుకుని వెళ్లిపోయింది. వెళ్తూ పాత చరిత్రనంతా వెంట తీసుకెళ్లింది. అప్పటిదాకా రాసినవన్నీ ఒక్క రోజులో రెండు గొలుసుల్లో శాశ్వతమయ్యాయి. రాసినవాళ్లలో ఎవరినీ విడివిడిగా అడిగే వీలే లేదు. వ్యక్తిగత డేటాను నేరుగా బ్లాక్‌చెయిన్ మీద పెట్టకపోవడమే మంచిదని యూరప్ డేటా రక్షణ బోర్డు 2025 ఏప్రిల్‌లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో చెప్పింది. తొలగించడం సాంకేతికంగా కష్టమన్నది చట్టాన్ని తప్పించుకోవడానికి సాకు కాదని కూడా స్పష్టంచేసింది.

యూరప్ చట్టం ఏమంటోంది

2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 17వ అధికరణం తొలగింపు హక్కు. మనిషి అడిగితే, నిలబెట్టుకోవడానికి చట్టబద్ధమైన కారణం లేకపోతే, డేటా తీసేయాలి. మామూలుగా నెల లోపల జవాబివ్వాలి. ఉల్లంఘనకు 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా ఉండచ్చు.

అదే అధికరణంలో రెండో క్లాజు మన కథకు ప్రాణం. డేటాను బహిరంగం చేసిన సంస్థ, అందుబాటులో ఉన్న సాంకేతికతనూ ఖర్చునూ దృష్టిలో పెట్టుకుని, ఆ డేటా నకళ్లు వాడుతున్న ఇతర సంస్థలకు తొలగింపు కోరిక వచ్చిందని తెలియజేయడానికి సముచితమైన చర్యలు తీసుకోవాలి. మాస్టొడాన్ పంపే డిలీట్ సందేశాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఈ క్లాజును కోడ్‌లో రాసినట్టే ఉంటుంది. కబురు పంపిన సర్వర్ తన వంతు చేసినట్టు. కబురు అందుకుని కూడా నకలు ఉంచుకున్న సర్వర్ తన తప్పుకు తాను జవాబు చెప్పాలి.

"నేను కంపెనీ కాదు, ఇంట్లో సరదాకు నడుపుతున్నాను" అనే అడ్మిన్‌కు మినహాయింపు ఉందా? పూర్తిగా సొంత, ఇంటి అవసరాలకు జీడీపీఆర్ వర్తించదు. కానీ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడగలిగేలా పెట్టింది ఇంటి వ్యవహారం కాదని యూరోపియన్ న్యాయస్థానం 2003లోనే, పాత చట్టం కింద, లిండ్‌క్విస్ట్ కేసులో తేల్చింది. స్వీడన్‌లో బోడిల్ లిండ్‌క్విస్ట్ అనే చర్చి కార్యకర్త తన తోటివాళ్ల వివరాలు ఒక వెబ్ పేజీలో పెట్టారు. అందులో ఒకావిడ కాలు దెబ్బతిన్న సంగతి కూడా ఉంది. ఆ పేజీ చట్టం పరిధిలోకి వచ్చింది. ఆ లెక్కన వందమందికి ఖాతాలు ఇచ్చే సర్వర్ అడ్మిన్ బాధ్యత తప్పించుకోలేరు.

ఈ బాధ్యత ఇటీవల ఇంకా బరువెక్కింది. రుమేనియాలో ఒక ప్రకటనల సైట్‌లో ఎవరో ఒక మహిళ ఫొటోలు, ఫోన్ నంబరు పెట్టి ఆమె లైంగిక సేవలు అందిస్తుందని అబద్ధపు ప్రకటన వేశారు. ఆమె చెప్పిన గంటలోపే సైట్ దాన్ని తీసేసింది. అప్పటికే వేరే సైట్లు దాన్ని ఎత్తుకుని వేసుకున్నాయి. అక్కడ అది అలాగే నిలిచింది. 2025 డిసెంబర్ 2న యూరోపియన్ న్యాయస్థానం రస్‌మీడియా కేసులో ఆ సైట్ నిర్వాహకులూ డేటాకు బాధ్యులేనంది. ఇలాంటి సున్నితమైన సమాచారం ఉన్న ప్రకటనలను అచ్చుకు ముందే గుర్తించాలనీ, అవి నకలై వేరే చోట్ల అక్రమంగా రాకుండా తగిన భద్రత ఏర్పాట్లు చేయాలనీ చెప్పింది. బాధితురాలి వైపు నుంచి చూస్తే ఇది ఎప్పుడో రావాల్సిన న్యాయం. కానీ నకళ్లు పంచుకోవడమే ప్రాణమైన నెట్‌వర్క్‌లో, జీతం లేకుండా సాయంత్రం పూట సర్వర్ నడిపే మనిషి ఈ ప్రమాణాన్ని ఎలా అందుకుంటాడన్నది యూరప్ తేల్చుకోవాల్సిన విషయం. పెద్ద కంపెనీ నుంచి పారిపోయి వచ్చినవాళ్లను, నిబంధనల భారం భరించగలిగేది పెద్ద కంపెనీయే కనుక మళ్లీ అక్కడికే తోలితే ప్రయోజనం ఏముంది?

ఒక ఆదర్శం మాత్రం యూరప్ సంస్థల్లోనే దొరుకుతుంది. యూరప్ డేటా రక్షణ పర్యవేక్షకుడి కార్యాలయం 2022 ఏప్రిల్‌లో ఈయూ వాయిస్ పేరుతో సొంత మాస్టొడాన్ సర్వర్ తెరిచింది. డేటా కాపాడే సంస్థే ఇలాంటి సర్వర్ నడిపి చూసింది. ప్రయోగ గడువు ముగిసి, బాధ్యత తీసుకునే కొత్త సంస్థ దొరక్క 2024 మేలో ముందుగా తెలియజేసి మూసింది. చట్టం తెలిసినవాళ్లకూ సర్వర్‌ను నిలబెట్టడం తేలిక కాదని దాంతో తెలిసింది.

మన చట్టంలో ఉన్న ఖాళీ

పైన చెప్పిన విద్యార్థిని జర్మనీలో ఉంది కాబట్టి ఈ హక్కులన్నీ ఆమెవి. అదే ఫొటో విజయవాడలో ఉన్న ఆమె చెల్లెలు పెట్టి ఉంటే?

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. దాని కొనసాగింపుగా ఆరేళ్లకు డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందింది. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. పౌరుల హక్కులకు సంబంధించిన ప్రధాన భాగాలు అప్పటి నుంచి 18 నెలలకు, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి. 12వ సెక్షన్ ప్రకారం అనుమతితో ఇచ్చిన డేటాను తొలగించమని అడగచ్చు. డేటా భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడచ్చు. 2 కోట్లకు పైగా వాడకందారులున్న సోషల్ మీడియా సంస్థలు, మూడేళ్లు అలికిడి లేని ఖాతాల డేటాను 48 గంటల ముందు హెచ్చరించి తీసేయాలి.

ఇవన్నీ మంచివే. కానీ 3వ సెక్షన్ దగ్గర ఆగి చదవాలి. మనిషి తన వ్యక్తిగత డేటాను తానే బహిరంగం చేస్తే ఆ డేటాకు ఈ చట్టమే వర్తించదని అక్కడుంది. దానికి చట్టం ఇచ్చిన ఉదాహరణ కూడా సోషల్ మీడియాలో తన అభిప్రాయాలు రాస్తూ తన వివరాలు బయటపెట్టుకున్న మహిళదే. అంటే విజయవాడ చెల్లెలు అందరికీ కనిపించేలా పెట్టిన బాల్కనీ ఫొటోను ఏ సర్వర్ నకలు చేసుకున్నా, ఏ ఏఐ కంపెనీ ఎత్తుకుపోయినా, మరుసటి క్షణం ఆమె డిలీట్ నొక్కినా, ఈ చట్టం కింద అడిగే చోటు లేదు. ఆమె ఈమెయిల్, ఐపీ చిరునామా, ఫాలోయర్లకు మాత్రమే పెట్టిన పోస్టులు, ప్రైవేటు సందేశాలు బహిరంగం కావు కాబట్టి వాటికి రక్షణ ఉంటుంది. ఆమె ఫొటోను ఇంకెవరో పెట్టినా కథ వేరు.

ఒకసారి నలుగురిలో అన్న మాట మీద మనిషికి ఇక ఏ హక్కూ లేదనడం సబబేనా? యూరప్ అలా అనుకోలేదు. బహిరంగమైన డేటాకు చెల్లేలా 17వ అధికరణంలో ప్రత్యేకంగా ఒక క్లాజే రాసింది. మనవాళ్లకూ ఆ ఆలోచన రాకపోలేదు. 2019లో పార్లమెంటు ముందుకు వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ బిల్లులో, డేటాను సరిచేసినా తొలగించినా ఆ సంగతి దాన్ని అందుకున్న ఇతరులకు తెలియజేయాలని 18వ క్లాజులో ఉంది. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకుంది. తర్వాత వచ్చిన చట్టంలో ఆ మాట లేదు. ఇప్పుడున్న 8వ సెక్షన్ సంస్థ తన కోసం పనిచేసే ప్రాసెసర్ల చేత తొలగింపజేయాలంటుంది. ఒకరికొకరు నౌకర్లు కాని స్వతంత్ర సర్వర్లకు అది అతకదు.

ఈలోగా ఏం చేయచ్చు

ఇలాంటి నెట్‌వర్క్‌లో చేరేముందు సర్వర్ "గురించి" పేజీ చదవడం మొదటి పని. ఎవరు నడుపుతున్నారు, ఏ దేశంలో, మూసేస్తే ఎన్నాళ్ల ముందు చెబుతామంటున్నారు అన్నవి అక్కడ ఉండాలి. లేకపోతే వేరే సర్వర్ వెతుక్కోవడం మేలు. వేరే సర్వర్‌కు మారితే ఫాలోయర్లు వెంట వస్తారు కానీ పాత పోస్టులు రావు. అవి పాత చోటే ఉంటాయి. కాబట్టి వద్దనుకున్నవాటిని పాత సర్వర్ బతికుండగానే తీసేసి కదలాలి. 2019లో తెరిచి మరిచిపోయిన ఖాతా ఏదైనా ఉంటే పాస్‌వర్డ్ రీసెట్ చేసి లోపలికి వెళ్లి సరిగ్గా మూసేయడం మంచిది. మాస్టొడాన్‌లో పాత పోస్టులు వాటంతటవే పోయే ఏర్పాటు ఉంది. వారాల నుంచి రెండేళ్ల దాకా గడువు పెట్టుకోవచ్చు. ఏదైనా సర్వర్‌లో నకలు మిగిలిందని తెలిస్తే ఆ పోస్టు లింకుతో అక్కడి అడ్మిన్‌కు నేరుగా రాయాలి. యూరప్‌లో ఉన్నవాళ్లు 17వ అధికరణాన్ని ప్రస్తావించి, జవాబు రాకపోతే తమ దేశపు డేటా రక్షణ సంస్థకు ఫిర్యాదు చేయచ్చు.

నెట్‌వర్కులు తయారుచేసేవాళ్లకూ ఇక్కడ పని ఉంది. 2024 ఫిబ్రవరిలో మాస్టొడాన్‌నూ బ్లూస్కైనీ కలిపే బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన, వద్దన్నవాళ్లను మినహాయించి అందరి రాతలూ దాటించాలని మొదట అనుకుంది. వాడకందారులు గట్టిగా అభ్యంతరం చెప్పడంతో కావాలన్నవాళ్లవే దాటించే పద్ధతికి మారింది. ఏ కోర్టూ చెప్పకుండానే జరిగిన మార్పు అది. తొలగింపు విషయంలోనూ అంత పట్టుదల కావాలి. డిలీట్ సందేశాన్ని పాటించని సర్వర్లతో మాట్లాడటం మానేయడం, మూలంలో ఆ పోస్టు ఇంకా ఉందా అని నకళ్లను అప్పుడప్పుడూ సరిచూడటం, పోస్ట్ నొక్కే ముందే ఇది ఎన్ని సర్వర్లకు వెళ్తోందో చూపించడం, ఇవేవీ అసాధ్యమైన ఇంజినీరింగ్ కావు.

ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ చేయాల్సింది రెండు పనులు. 2019 బిల్లులోని ఆ తెలియజేసే బాధ్యతను సవరణ ద్వారా చట్టంలోకి తిరిగి తేవాలి. 3వ సెక్షన్ మినహాయింపును, మనిషి ఆ డేటాను బహిరంగంగా ఉంచినంత కాలానికే పరిమితం చేయాలి. ఆమె తీసేసిన క్షణం నుంచి అది బహిరంగం కానట్టే లెక్కించాలి. అప్పుడు చిన్న సర్వర్ అడ్మిన్ మీద మోయలేని భారమూ పడదు, ఎందుకంటే అతని సాఫ్ట్‌వేర్ ఆ కబురు ఇప్పటికే పంపుతోంది. జవాబు చెప్పాల్సి వచ్చేది కబురు అందాక కూడా నకలు దాచుకున్నవాళ్లే. అమలుకు గడువైన 2027 మే లోపే ఈ సవరణ చర్చకు రావాలి. ఆ చర్చను అడిగే బాధ్యత పార్లమెంటులో ఉన్న మన తెలుగు సభ్యులకూ ఉంది.